అలక తీరని బతుకమ్మ

మా గల్లీ వెనక పారే ఖాడీ ఏ రోజు ఏ రంగులో ఉందో చెప్పడం చిన్నప్పుడు మాకొక ఆట. ఖాడీ అంటే ఇక్కడి మాటలో వాగు. బడికి పోతూ చిన్న వంతెన మీద ఆగి, కమ్మీల సందుల్లోంచి తలలు పెట్టి, "ఆజ్ గులాబీ", "ఆజ్ పోపటీ" అని అరుచుకునేవాళ్ళం. పోపటీ అంటే చిలకాకుపచ్చ. ఆ రంగుకు తెలుగులో కూడా పేరుందని చాలా ఏళ్ళ దాకా నాకు తెలియదు. మేముండే భేస్తాన్ చుట్టుపక్కల చీరలకు రంగులు వేసే మిల్లులున్నాయి. ఏ రంగుకు గిరాకీ ఉంటే ఆ రంగు నీళ్ళు ముందు మా ఖాడీలోకి దిగేవి, చీరలు ఆ తర్వాత దుకాణాలకు పోయేవి. పండగకు ఏ రంగు గౌను కావాలని ఇంట్లో ఏడవాలో మేం వంతెన మీదే తేల్చుకునేవాళ్ళం.

బాపు సాంచ నడిపేవాడు. మరమగ్గాన్ని మావాళ్ళు సొంతూళ్ళోనూ సాంచ అనే అంటారు, సూరత్ వచ్చాకా అదే మాట. బాపు నేసేదంతా తెల్లబట్ట. మగ్గం మీంచి దిగగానే దాన్ని చుట్టి మిల్లుకు పంపేస్తారు. అది ఏ చీరయిందో, ఎవరు కట్టుకున్నారో ఆయనకు తెలిసే దారి లేదు. అందుకని పని నుంచి వస్తూ ఆయన కూడా వంతెన మీద కాసేపు ఆగేవాడు.

"మేం తెల్లబట్ట నేసెటోళ్లం బిడ్డా. అది ఏ రంగైందో మాకు ఖాడీనే చెప్పాలె" అనేవాడు, సాంచల మోతకు అలవాటుపడిన గొంతుతో, గల్లీ చివరి ఇంటికి కూడా వినపడేటట్టు. అందులో ఏదో బాధ ఉందని నాకప్పుడు అనిపించలేదు. అత్తవారింట్లో ఉన్న కూతురి క్షేమం కనుక్కొని వచ్చినవాడిలా ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేవాడు.

నేనిప్పుడు ఒక బడిలో పిల్లలకు డ్రాయింగ్ చెప్తాను. పెళ్ళయింది. అమ్మ నన్ను సాగనంపింది సరిగ్గా ఒక గోడ అవతలికి. పక్క గదే మా కాపురం. అప్పగింతలప్పుడు ఏడవబోయి, ఇది రేపు పొద్దున చాయ్‌కి వస్తుంది కదా అని గుర్తొచ్చి ఆపేసిందట. నిజంగానే ఇప్పటికీ రోజూ పొద్దున చాయ్ అక్కడే తాగుతాను.

బడిలో రంగుపెన్సిళ్ళు మరిచిపోయి వచ్చే పిల్లలకు నేను చెప్పే మాట ఒకటే: ఇంటికి పోయి చిందీ తెచ్చుకోండి. చిందీ అంటే చీరల అంచులు కత్తిరించగా మిగిలే పేలికలు. మా వైపు చిందీ లేని ఇల్లుండదు. అట్ట మీద పేలికలు అతికించి పిల్లలు చేసిన నెమళ్ళు, లారీలు, సముద్రాలు బడి గోడల నిండా ఉండేవి. ఆ గోడలు చూసి ఒక గుజరాతీ టీచరు నన్ను పిలిచింది. వరాఛా నుంచి వచ్చేది, మేమంతా ఆమెను బెన్, అంటే అక్కా, అనేవాళ్ళం. డుమస్ రోడ్డులో ఒక హాలు తీసుకుని, ఊరి నీళ్ళకు పట్టిన గతి మీద తానూ స్నేహితులూ కలిసి ప్రదర్శన పెడుతున్నామని చెప్పింది. అన్నీ పారేసిన వస్తువులతో చేసినవే ఉండాలట.

"తుమ్ ఖాడీ బనావో. తుమ్హారే ఘర్ కే పీఛే హీ తో హై" అంది. నువ్వు ఖాడీ చెయ్యి, అది మీ ఇంటి వెనకే కదా అని.

అప్పటిదాకా నన్నెవరూ ఏదీ హాల్లో పెట్టడానికి చెయ్యమని అడగలేదు. గణపతి పందిరికి అలంకారం చెయ్యమనేవారు, పెళ్ళి తెరకు పేర్లు రాయమనేవారు. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే వంతెన మీద ఆగి ఖాడీని కొత్తగా చూశాను. దీని పుణ్యమా అని నాకూ ఒక పిలుపు వచ్చిందనుకున్నాను. కంపు కొట్టే వాగుకు దండం పెట్టుకున్న మనిషి మా గల్లీలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నేను కాగితం మీద గీసుకున్నది పడుకున్న ఖాడీ. గోడ పొడవునా అడ్డంగా పారే వాగు, అందులో నాకు గుర్తున్న రంగులన్నీ ఒకదాని పక్కన ఒకటి. సాంచల కింద ఊడ్చిపోసే దారపు పీచు, చిందీ, దారం అయిపోయిన అట్ట కోన్లు, చీరలకు చుట్టి వచ్చే ప్లాస్టిక్ కవర్లు అన్నీ పోగుచేశాను. అంత పని ఒక్కదాన్ని చెయ్యలేనని తెలిసి అమ్మ గల్లీలో చాప పరిచింది. పక్కింటి పెద్దమ్మ వచ్చింది, ఆమె వెనక మిగతా ఆడవాళ్ళు వచ్చారు. దారాన్ని చిన్న చిన్న కట్టలు కట్టి ఇవ్వండి, అంతే, అన్నాను.

వాళ్ళు కట్టారు. కానీ తెల్లదారం కట్ట చేతికి రాగానే పెద్దమ్మ దాన్ని గునుగుపువ్వులాగ కొన తేల్చి కట్టింది. పసుపు చిందీ తంగేడు గుత్తి అయింది. ఒకరు గుండ్రంగా పేర్చడం మొదలుపెడితే రెండోవాళ్ళు దాని మీద ఇంకొక వరస పేర్చారు. నేను బడి నుంచి వచ్చేసరికి నా పడుకున్న ఖాడీని లేపి నిలబెట్టేశారు. ఆ చేతులకు పూలను పేర్చడం ఒక్క తీరుగానే వచ్చు మరి.

మొదట చిరాకుపడ్డాను. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. కానీ రెండడుగులు వెనక్కి వేసి చూస్తే నేను గీసినదానికన్నా అదే బాగుంది. సరే, బతుకమ్మలాగే కానివ్వండి అన్నాను. అడుగున రంగు డ్రమ్ము మూత. దాని మీద నల్ల వరస, మా చిన్నప్పుడు చాలా రోజులు కదలకుండా నిలిచిపోయిన నలుపు. తర్వాత మెజెంటా, ఆ పైన పోపటీ, ఆవపువ్వు పసుపు, నెమలి నీలం. ఒక్కొక్క వరస ఖాడీ ఒక్కొక్క కాలంలో కట్టిన రంగు. అన్నిటికన్నా పైన నారింజ ప్లాస్టిక్ కవరుతో గుమ్మడిపువ్వు. లోపల అంతా అట్ట కోన్లు, మైదాపిండి ఉడికించిన జిగురు. తీరా అయ్యాక చూస్తే అది ఏ గుమ్మంలోనూ పట్టనంత వెడల్పైంది. ఇంకెంత, హాలుకు పోయే టెంపో వచ్చేదాకే కదా అని గల్లీలోనే ఒక స్టూలు మీద పెట్టి పైన టార్పాలిన్ కప్పాం.

అప్పటికే పండగ రోజులు నడుస్తున్నాయి. తొమ్మిది రోజులు ఆడతారు, రోజుకొక పేరు, రోజుకొక నైవేద్యం. టెంపో వచ్చే ముందు రోజు ఐదోది, అట్ల బతుకమ్మ. పొద్దున్నుంచి ముసురు పట్టింది. బంతిపూల బండి రాలేదు. నేను బడికి వెళ్ళిపోయాను.

సాయంత్రం గల్లీ మలుపు తిరగ్గానే పాట వినిపించింది, చప్పట్లు వినిపించాయి. పూలు దొరికాయన్నమాట అనుకున్నాను. ఇంకొంచెం ముందుకు వస్తే టార్పాలిన్ మడత పెట్టి గోడకు ఆనించి ఉంది. ఆడవాళ్ళంతా గుండ్రంగా తిరుగుతున్నారు. నడుమ స్టూలు మీద నా ఖాడీ. పైన ప్లాస్టిక్ గుమ్మడిపువ్వులో పసుపు ముద్దతో చేసిన గౌరమ్మ, నుదుట కుంకుమ, పక్కన ఊదుబత్తి పొగ. కోపం రావడానికి ముందు ఒక్క క్షణం అది ఎంత బాగుందో చూశాను. తర్వాత కోపం వచ్చింది.

"ఏందమ్మా ఇది?"

"పువ్వు దొరకలె బిడ్డా" అంది అమ్మ, చెమట తుడుచుకుంటూ నవ్వుతూ. "పండుగపూట ఉత్త స్టూలు సుట్టు తిరగాల్నా? ఇది మంచిగ తయారై కూసున్నది. జర గౌరమ్మను వెట్టి ఆడినం."

"రేపు పొద్దుగాల టెంపోల పోవాలె ఇది. నీకు తెల్వదా?"

"పోనియ్ మరి, ఎవలు వద్దన్నరు. సాగదోలినంక..." అని ఆగిపోయింది.

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ తను ఏం చేసిందో అమ్మకు తట్టలేదు. పెద్దమ్మ చప్పట్లు ఆగిపోయాయి. గౌరమ్మను పెట్టి, చుట్టూ తిరిగి ఆడిన బతుకమ్మను నీళ్ళకు సాగనంపాలి. పోయి రమ్మని పంపితేనే మళ్ళీ ఏడు వస్తుంది. పోనీ గౌరమ్మనొక్కదాన్ని తీసేద్దామా అంటే, పూలు నీళ్ళను తాకిన తర్వాతే ఆ పసుపు తీసి పుస్తెలకు రాసుకోవాలి. అంతకుముందు చెయ్యి వెయ్యకూడదు. ఇవన్నీ నాకు తెలుసు. ఆ పెద్దమ్మే నేర్పింది.

"ఆడినంక నీళ్లకు వోవాలె. ఇంట్ల ఎట్ల వెట్టుకుంటరు?" అంది పెద్దమ్మ, ఎవరి వైపూ చూడకుండా.

"దీంట్ల ఒక్క పువ్వన్న ఉన్నదా పెద్దమ్మా? అంత పాలిస్టరే. ఖాడీ ఖరాబైందని చెప్పనీకె చేసింది ఇది. దీన్నే తీస్కపోయి ఖాడీల పారేస్తె నన్నేమనాలె?"

"నేను పారేయమన్ననా?" అంది అమ్మ మెల్లగా.

ఆమె ముఖం చూసి నా గొంతు తగ్గింది. రేపు పొద్దున హాలుకు వెళ్ళకపోతే నాకు వచ్చిన ఒక్క పిలుపూ పోతుంది. వెళ్తే, అమ్మ తన చేత్తో పెట్టిన గౌరమ్మ సాగకుండా మిగిలిపోతుంది. ఆ దోషం ఎవరికి తగులుతుందని ఆమె భయమో పైకి అనలేదు. పుస్తెలతాడు పట్టుకుని గోడ అవతలి నా గుమ్మం వైపు చూసింది. నమ్మకం లేని మనిషైతే ఇదేం గోల అనుకోవచ్చు. నాకు నమ్మకం ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు గానీ, అమ్మను ఆ భయంతో వదిలేసి మాత్రం టెంపో ఎక్కలేను.

అంతలో బాపు పని నుంచి వచ్చాడు. సాంచల మోతలో చెవులు కొంచెం మందగించాయి కనుక సంగతంతా గట్టిగా, రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. దాంతో గల్లీకంతా తెలిసిపోయింది.

"గింతేనా? డ్రమ్ముల నీళ్లు నింపుండ్రి. ఒక్క మునుగు ముంచి తియ్యుండ్రి" అన్నాడు.

"లోపల మైదా జిగురు బాపూ. ముంచితె రేపు టెంపోల అట్టల గుజ్జు పంపాలె."

ఆయన స్టూలు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఏ వరస ఏ దారమో వేలితో ముట్టుకుని చూశాడు. "రేపు అలిగిన బతుకమ్మ గదా" అన్నాడు చివరికి. "రేపెవ్వలు ఆడరు, ఎవ్వలు సాగదోలరు. ఇది గూడ అలిగిందనుకోండ్రి. చెరువు మీద అలిగి ముడ్డి కడుక్కోలేదట ఎనుకటికొకడు, గట్ల."

"తల్లి ముంగట గవేం మాటలు" అని అమ్మ కసిరింది. అందరూ నవ్వారు. కానీ నవ్వులో అమ్మ కలవలేదు. ఆరో రోజు బతుకమ్మ అలుగుతుందని, ఆ రోజు పేర్చరు, ఆడరు, పాడరని అందరికీ తెలిసిందే. బాపు తమాషాకు అన్న మాటను అమ్మ మనసులో పెట్టుకుంది. గొడుగు తీసుకుని "నడువ్" అంది నాతో.

ఇద్దరం వంతెన దగ్గరికి వచ్చాం. వాన తగ్గి తుంపర పడుతోంది. ఆ రోజు ఖాడీకి ఒక రంగంటూ లేదు. ఊదా, గోధుమ కలగలిసి అంచుల వెంట నురగ కట్టింది. నా చిన్నప్పుడు మావాళ్ళు పండగ ఆఖరున, సద్దుల రోజు, బతుకమ్మలను ఇక్కడే వదిలేవాళ్ళు. ఒక ఏడు నీళ్ళలో దిగిన ఆడవాళ్ళందరికీ చీలమండల దాకా ఎర్రగా పొక్కి, దసరా రెండు రోజులు పసుపూ కొబ్బరినూనెలతోనే గడిచింది. ఆ తర్వాతి ఏడు నుంచి టెంపో మాట్లాడుకుని తాపీ నది ఒడ్డుకు పోతున్నారు. అప్పటినుంచి పండగ రోజుల్లో అమ్మ ఈ వంతెన మీదికి రావడం నేను చూడలేదు.

కమ్మీ పట్టుకుని చాలాసేపు నీళ్ళు చూసింది.

"మా అవ్వ నన్ను ఈడికి తోలేటప్పుడు ఒక్కటే అడిగింది" అంది. "ఆడ నీళ్లున్నయా అని. మా ఊరి బాయిలన్ని ఎండినయి అప్పుడు. పెద్ద నది ఉన్నదని మీ బాపు చెప్తె, అయితె పో బిడ్డా అన్నది."

గొడుగు నేను అందుకుని ఆమె మీద పట్టాను.

"నీళ్లు సక్కగ లేని ఇంటికి ఆడివిల్లను ఎవలన్న సాగదోల్తరా?" అంది అమ్మ. "నేనైతె దోలను."

మళ్ళీ గల్లీలోకి వచ్చాం. అమ్మ తిన్నగా స్టూలు దగ్గరికి వెళ్ళి, కొంగు నడుముకు దోపి, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టు గౌరమ్మతో మాట్లాడింది. "తల్లీ, నువ్వు అలిగినవ్. నీ అలక న్యాయమే. ఆ నీళ్లు సక్కగైననాడు నేనే నిన్ను సాగదోల్త. నేను లేకుంటె నా బిడ్డ దోల్తది. అందాక మా ఇంట్ల ఉండు. నీకేం తక్కువ చెయ్యం."

గల్లీలో పెద్దది పెద్దమ్మే. ఆమె ఏమంటుందోనని అందరూ చూశారు. ఆమె దవడ కింద చెయ్యి పెట్టుకుని కొంచెం ఆలోచించింది. "గట్లయితె సరే. అలిగినోళ్లను గుంజుకపోరు" అంది. ఆ మాటతో అమ్మ భుజాలు కిందికి దిగాయి. నాకు ఏడుపొచ్చింది. చేతులు కడుక్కునే వంకతో పంపు దగ్గరికి వెళ్ళి ఏడ్చాను. నన్నడక్కుండానే నన్ను ఆ మొక్కులో కలిపేసిందని కోపం రావలసింది. రాలేదు. నా మీద అంత నమ్మకం ఎప్పుడు కుదిరిందో అని ఆశ్చర్యం మాత్రం వేసింది.

మర్నాడు టెంపో వచ్చింది. ముందు కూర్చోమంటే అమ్మ వినలేదు. వెనకాల దాని పక్కనే కూర్చుని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకుంటూ హాలు దాకా వచ్చింది. అక్కడ బెన్‌కు నా హిందీలో సంగతంతా చెప్పాను. కొత్త దేవత వచ్చింది, క్షమించాలి, అని కూడా అన్నాను. బెన్ అమ్మ చేతులు పట్టుకుని, తల్లిని ఎక్కడ కూర్చోబెడదాం మాసీ అని అడిగింది. ఆమె ఇంకోలా అడిగి ఉంటే అమ్మ వెనక్కి తెచ్చేసేదేమో. ఆ ఒక్క ప్రశ్నకు బెన్‌కు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

నేను ముందే అట్ట మీద రాసుకున్న పేరు 'ఖాడీ రంగులు'. దాన్ని తిప్పి, వెనకవైపు 'అలిగిన బతుకమ్మ' అని రాశాను. కింద రెండు ముక్కల్లో విషయం చెప్పాను: ఇది ఖాడీకి పోవాలి, నీళ్ళు బాగుపడేదాకా పోనంటోంది. అమ్మ సంచీలోంచి పిండి తీసి చుట్టూ ముగ్గు వేసింది. చెప్పులు విప్పమని ఎక్కడా రాయలేదు, అయినా చాలామంది ముగ్గు దగ్గర విప్పేశారు. మిగతా బొమ్మల ముందు జనం మాట్లాడుకుంటూ నిలబడ్డారు. దీని దగ్గరికి వచ్చి కొందరు చుట్టూ తిరిగారు.

ఒక పెద్దమనిషి చాలాసేపు నిలబడ్డాడు. అమ్మను చూసి, "విసర్జన్ కబ్ హై?" అని అడిగాడు, నిమజ్జనం ఎప్పుడని. గణపతి వల్ల ఈ ఊళ్ళో ఆ మాట తెలియనివాళ్ళు లేరు.

"జబ్ పానీ ఆయేగా" అంది అమ్మ, నీళ్ళొచ్చినప్పుడు అని.

"పానీ? నల్ మే తో రోజ్ ఆతా హై." ఆయన కుళాయి నీళ్ళనుకున్నాడు.

"ఓ నహీ. ఖాడీ మే."

ఆయన నవ్వబోయి ఆగాడు. వంగి వరసలన్నీ చూశాడు. అప్పుడు గమనించాను, ఆయన గోళ్ళ అంచుల్లో నీలం రంగు దిగిపోయి ఉంది. ఏదో మిల్లులో రంగులు కలిపే మనిషి. మెజెంటా వరస వైపు వేలు చూపించి, "యే హమారా హై", ఇది మాదే, అన్నాడు తనలో తాను అనుకున్నట్టు. తర్వాత రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు. ఇంటికి వచ్చాక ఆ సంగతి చెబితే బాపు మురిసిపోయాడు. "అంటె మా బట్టకు రంగేసెటోడేనన్నట్టు. చాయ్ తాగిపియ్యకపోయినవ్" అన్నాడు. ఎవరి మీదా కోపం పెట్టుకోవడం చేతకాని మనిషి. ఆ కోపాలన్నీ పోగై నాకు వచ్చినట్టున్నాయి.

ప్రదర్శన అయిపోయిన రోజు బెన్ మమ్మల్ని డుమస్ సముద్రతీరానికి తీసుకువెళ్ళింది. సముద్రం వెనక్కి పోయి ఉంది. అమ్మ టమాటా భజ్జీలు తింటూ, దూరంగా మెరుస్తున్న నీళ్ళ వైపు అదేపనిగా చూడసాగింది. దాన్ని ఇక్కడే సాగనంపుదామంటుందేమోనని నాకు అనుమానం వచ్చింది.

"అమ్మా, ఏమాలోచిస్తున్నవ్?"

"ఏం లేదే. గింత నీళ్లున్నయ్ గదా అని."

"అమ్మా."

"ఊకె అన్నతియ్. మాటిచ్చింది మన ఖాడీ నీళ్లకు, సముద్రానికి గాదు" అంటూ ఇంకో భజ్జీ తీసుకుంది. "ఉప్పు జర ఎక్కువైంది" అని కూడా అంది, భజ్జీ గురించో సముద్రం గురించో నేను అడగలేదు.

ఇప్పుడది అమ్మ గదిలో బీరువా మీద ఉంది, గుమ్మడిపువ్వు పైకప్పును తాకుతూ. గౌరమ్మ ఎండి బీటలిచ్చింది. ప్రతి ఏడూ అమ్మ తడి పసుపుతో ఆ బీటలు పూడుస్తుంది. ఆరో రోజు గల్లీలో ఎవరూ ఆడరు కదా, ఆ రోజు దీని రోజు. దాని ముందు చాప వేసుకుని కూర్చుని, ఊరి సంగతులూ, పిల్లల సంగతులూ, నా వంట సంగతులూ చెప్తుంది. నా వంట గురించి చెప్పేవి నేను గోడ అవతల వింటూనే ఉంటాను. సద్దుల రోజు అందరితోపాటు తాపీ ఒడ్డుకు పోయి పూల బతుకమ్మను వదిలి వచ్చాక, రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద ఒకటి దీని ముందు పెడుతుంది. "పోలేదని ఉపాసముంచుతమా?" అంటుంది. ఆ ముద్ద చివరికి తినేది నేనే.

ఖాడీ బాగుపడిందని చెప్పను. అబద్ధమవుతుంది. కానీ మిల్లులకు సెలవు వచ్చినప్పుడో, పెద్ద వాన కురిసినప్పుడో ఒక్కోరోజు దానికి ఏ చీర రంగూ ఉండదు. అలాంటి పొద్దున అమ్మ చాయ్ గ్లాసు నా చేతికిచ్చి, "ఇయ్యాల మన్ను రంగున్నది" అంటుంది. వాగుకు మన్ను రంగు ఉండాలని నాకు నేర్పింది ఆమే. ఇద్దరం పోయి వంతెన మీద నిలబడి ఆ మట్టినీళ్ళు చూసి వస్తాం. ఈ పని పెట్టుకోకపోతే, ఈ వయసులో రోజూ అమ్మతో కలిసి నడిచే భాగ్యం నాకు దొరికేది కాదు.

ఒక సంగతి మరిచిపోయాను. డుమస్ నుంచి వచ్చిన రోజు దాన్ని లోపలికి తేవడానికి బాపు తలుపును చట్రంతో సహా ఊడదీశాడు. తర్వాత మళ్ళీ పెట్టాడు. అప్పటినుంచి ఆ తలుపు తోసినప్పుడల్లా ఊగుతుంది, కిర్రుమంటుంది. మరలు సగం దాకానే బిగించి ఉన్నాయి. ఇంత పనితనం ఉన్న మనిషికి ఇదేం అశ్రద్ధ అనుకుని ఒకరోజు స్క్రూడ్రైవర్ తీసుకుని నేనే బిగించబోయాను.

బాపు చాయ్ తాగుతూ చూశాడు. "ఊకో బిడ్డా, గట్టిగ బిగియ్యకు" అన్నాడు, గల్లీ అంతా వినపడేటట్టు. "మల్ల తియ్యాలె గదా, ఆమె పోయేనాడు."

స్క్రూడ్రైవర్ బీరువా మీద, బతుకమ్మ పక్కనే పెట్టాను.